ఫ్రాంచెస్కో లాపరెల్లి, వల్లెట్టా కోటనగరం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాల్టా రాజధాని వల్లెట్టా గురించి రాసేవారు ఆ నగరానికి పేరిచ్చిన నైట్‌ల సంఘం అధిపతి ద వాలెట్‌ను తలచుకుంటారు, కళ్లు చెదిరే సెయింట్ జాన్ చర్చిని వర్ణిస్తారు. ఆ నగరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో రాతి నేల మీద గీత గీసిన ఇంజనీరు మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవలసి వస్తుంది. ఈ ప్రశ్నలూ జవాబులూ ఆ ఇంజనీరు కోసం.

లాపరెల్లి ఎవరు?

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో కొండ మీద ఉన్న కోర్తోనా పట్టణంలో 1521లో పుట్టాడు. ఆ ఊరి పెద్ద కుటుంబాల్లో ఆయనది ఒకటి. యౌవనంలో ఫ్లోరెన్స్ పాలకుడు మొదటి కోసిమో మెదీచి కొలువులో సైనికుడిగా ఉండి, సియెనా మీద జరిగిన యుద్ధాన్ని దగ్గరగా చూశాడు. కోటలు కట్టే విద్య ఆయనకు గ్రంథాలయంలో కన్నా యుద్ధభూమిలోనే ఎక్కువగా అబ్బింది. సొంత ఊరి పైనున్న జిరిఫాల్కో కోట నిర్మాణంలో గాబ్రియో సెర్బెల్లోని అనే మరో సైనిక ఇంజనీరుతో కలిసి పనిచేశాడు. తరువాత రోమ్ చేరి, నాలుగో పయస్ పోపు కింద కాస్తెల్ సాంతాంజెలో చుట్టూ రక్షణ గోడల పనిలోనూ, చివితావెక్కియా రేవు కోట పనిలోనూ పాల్గొన్నాడు. మాల్టాలో అడుగుపెట్టేనాటికి ఆయన వయసు 44. ఆ తరువాత ఆయన బ్రతికింది ఐదేళ్లు కూడా కాదు.

మైకెలాంజెలో శిష్యుడని అంటారు, నిజమేనా?

మైకెలాంజెలో చివరి రోజుల్లో రోమ్‌లోని సెయింట్ పీటర్ చర్చి పనిలో లాపరెల్లి సహాయకుడిగా ఉన్నాడు. అంతవరకు చెప్పవచ్చు. దానిని గురుశిష్య సంబంధంగా పెంచి, ఆ వెలుగులో వల్లెట్టాను చూడటం నాకు నచ్చదు. ఈయన ప్రతిభ శిల్పి ప్రతిభ కాదు. నేల వాలు, ఫిరంగి గుండు దూరం, కూలీల సంఖ్య, వచ్చే వసంతానికి మిగిలిన నెలలు, వీటన్నిటినీ ఒకే లెక్కలో పెట్టగలగడం ఆయన గొప్పతనం.

మాల్టాకు ఆయనను ఎందుకు పంపారు?

1565 వేసవిని తెలుసుకుంటే తప్ప ఇది అర్థం కాదు. సెయింట్ జాన్ నైట్‌లు అనే క్రైస్తవ మతయోధుల సంఘం 1522లో ఒట్టోమన్ సైన్యానికి రోడ్స్ ద్వీపాన్ని కోల్పోయి, 1530లో ఐదో చార్లెస్ చక్రవర్తి ఇచ్చిన మాల్టాలో స్థిరపడింది. 1565 మే నెలలో సులేమాన్ సుల్తాన్ పంపిన భారీ నౌకాదళం ఆ ద్వీపాన్ని చుట్టుముట్టింది. షిబెర్రాస్ అనే కొండమొనకు చివరన ఉన్న సెయింట్ ఎల్మో కోట జూన్ 23న కూలింది. సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున ఉన్న బిర్గు, సెంగ్లియా పట్టణాలు మాత్రం ఎలాగో నిలిచాయి. సెప్టెంబరులో సిసిలీ నుంచి సహాయ సైన్యం దిగడంతో ముట్టడి 8వ తేదీన ముగిసింది.

గెలుపు అయితే దక్కింది గాని, ఆ గెలిచినవారి చేతుల్లో మిగిలింది శిథిలాలే. గోడలు బీటలు వారాయి, మనుషులు పోయారు, ఖజానా ఖాళీ. ఒట్టోమన్ నౌకలు మరుసటి ఏడు మళ్లీ వస్తాయన్నది అప్పటి అందరి అంచనా. ద్వీపాన్ని వదిలి సిసిలీకి పోదామన్న మాట నైట్‌లలోనే బలంగా వినిపించింది. ఆ పరిస్థితిలో నాలుగో పయస్ పోపు తన ఇంజనీరును పంపాడు. లాపరెల్లి 1565 డిసెంబరు 28న మాల్టా చేరేసరికి తనను పంపిన పోపు చనిపోయి మూడు వారాలు కావస్తోంది. అయినా పని ఆగలేదు. తరువాత వచ్చిన ఐదో పయస్ కూడా ఆసరాగా నిలిచాడు.

వారం లోపే నివేదిక ఇచ్చాడంటారు. అందులో ఏముంది?

1566 జనవరి 3న తొలి నివేదిక సమర్పించాడు. దిగిన ఆరో రోజది. ఆ వేగమే ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకునే విషయం.

సారాంశం ఇది. పాత పట్టణాలను బాగుచేసుకుంటూ కూర్చుంటే డబ్బు ఖర్చవుతుంది గాని భద్రత రాదు. బిర్గు, సెంగ్లియాల చుట్టూ వాటికన్నా ఎత్తైన గుట్టలున్నాయి. శత్రువు వాటి మీద ఫిరంగులు ఎక్కిస్తే ఎంత మంచి గోడైనా నిలవదు. పైగా చెల్లాచెదురుగా ఉన్న కోటలన్నిటికీ సైన్యాన్ని పంచవలసి వస్తుంది. షిబెర్రాస్ కొండమొనను ఆక్రమించి అక్కడ కొత్త నగరం కట్టుకుంటే దానికి మూడు వైపులా సముద్రమే కావలి. నేల వైపు ఒక్క గోడ చాలు. తక్కువ మందితో కాపాడుకోవచ్చు, కొండమొనకు అటూ ఇటూ ఉన్న రెండు రేవులూ చేతిలో ఉంటాయి. మాల్టాను వదిలిపోవాలన్న ఆలోచనను ఆయన గట్టిగా వ్యతిరేకించాడు.

ద వాలెట్‌కు కావలసింది ఇటువంటి మాటే. 1566 మార్చి 28న శంకుస్థాపన జరిగింది. ఇంజనీరు ఓడ దిగిన నాటికీ మొదటి రాయి పడిన నాటికీ మధ్య సరిగ్గా మూడు నెలలు.

అయితే ఆ కొండ మీద నగరం కట్టాలన్న ఆలోచన ఆయనదేనా?

కాదు. అది చెప్పకపోతే ఆయనకు ముందు వచ్చినవారికి అన్యాయం జరుగుతుంది. 1541లోనే బెర్గామోకు చెందిన ఇంజనీరు ఫెర్రామోలినో ఆ కొండను చూసి, ఇక్కడే కోట ఉండాలన్నాడు. 1558లో బార్తొలొమెయో జెంగా నగర నమూనా తయారుచేశాడు గాని ఆ ఏడే మాల్టాలో కన్నుమూశాడు. 1562లో బాల్దస్సారె లాంచి మరో పథకం ఇచ్చాడు. 1552లో కట్టిన సెయింట్ ఎల్మో చిన్న కోట తప్ప వీటిలో ఏదీ నేల మీదికి రాలేదు. ముట్టడికి ముందు డబ్బు లేదన్నారు. ముట్టడి తరువాత మరింత లేకపోయినా భయం మాత్రం ఉంది.

లాపరెల్లి చేసింది పాత ఆలోచనకు కొత్త లెక్కలు కట్టడం, దానిని కట్టి తీరగల కొలతకు తేవడం. నగరం మరీ పెద్దదైతే గోడ మీద నిలబెట్టేందుకు మనుషులు చాలరు. మరీ చిన్నదైతే జనమూ సరుకూ పట్టవు. ఆ సరిహద్దు ఎక్కడ వేయాలన్నదే అసలు సమస్య, దానిని పరిష్కరించింది ఈయనే.

ఇటాలియన్ బురుజులు కోణాలుగా ఎందుకుంటాయి? మన కోటల బురుజులు గుండ్రంగా ఉంటాయి కదా?

గోల్కొండ చూసినవారికి ఈ సందేహం తప్పక వస్తుంది. గుండ్రటి బురుజుకు ఒక బలహీనత ఉంది. దాని ముందుభాగానికి సరిగ్గా కింద, గోడను ఆనుకుని కొంత చోటు ఉంటుంది. పక్క బురుజుల నుంచి పేల్చే గుండ్లు వంపు అడ్డు రావడం వల్ల ఆ చోటును తాకలేవు. అక్కడికి చేరిన శత్రువు నిశ్చింతగా సొరంగం తవ్వి, మందుగుండు కూరి, గోడ లేపేయవచ్చు.

పదిహేనో శతాబ్దం చివర్లో ఇటలీలో ఫిరంగుల దెబ్బకు ఎత్తైన పాత గోడలు కూలిపోతుంటే అక్కడి ఇంజనీర్లు దీనికి జవాబు వెతికారు. బురుజు ముందుభాగాన్ని వంపు లేకుండా రెండు తిన్నని ముఖాలుగా, బాణపు మొనలా కలిపారు. ఆ ముఖాల గీతను పొడిగిస్తే అది పక్క బురుజు మూలకు చేరుతుంది. అంటే ఒక బురుజు ముఖం పొడవునా పక్క బురుజులోని ఫిరంగులు దూసుకుపోతాయి, దాక్కునే చోటు ఎక్కడా మిగలదు. ప్రతి బురుజునూ దాని పొరుగు బురుజే కాపాడుతుంది. అందుకే ఈ కోటల్లో మొదట నిర్ణయించేది చూపు గీత, గోడ గీత దాని నుంచి పుడుతుంది. ఎత్తు తగ్గించారు, మందం పెంచారు, వెనుక మట్టి నింపారు. ముందు లోతైన కందకం తవ్వారు. దాని ఆవల నేలను నెమ్మదిగా వాలుగా చెక్కి, గోడ అడుగుభాగం దూరపు ఫిరంగులకు కనిపించకుండా చేశారు.

వల్లెట్టాలో ఆ పద్ధతి ఎలా కనిపిస్తుంది?

కొండమొన మెడ దగ్గర, ఒక నీటి అంచు నుంచి మరో నీటి అంచు దాకా ఒకే గోడ. దాని మీద నాలుగు బురుజులు: పెద్ద రేవు వైపు నుంచి వరుసగా సెయింట్ పీటర్ అండ్ పాల్, సెయింట్ జేమ్స్, సెయింట్ జాన్, సెయింట్ మైకేల్. నడిమి రెంటి మధ్య ప్రధాన ద్వారం. గోడ ముందు రాతిలో తొలిచిన ఎండు కందకం. సముద్రం వైపు గోడలు మాత్రం ఏ జ్యామితికీ లొంగకుండా తీరం ఎలా తిరిగితే అలా తిరుగుతాయి. అక్కడ గోడ ముందు నేల లేదు, శత్రువు దగ్గరగా ఫిరంగులు దించి పాతుకునే వీలు లేదు, కాబట్టి అంత ఖర్చు అక్కర్లేదని ఆయన నిర్ణయం.

ఇక్కడ ఒక విషయం దగ్గరికి వెళితేనే తెలుస్తుంది. నేల వైపు గోడలో అడుగు భాగం పేర్చిన రాళ్లు కాదు, కొండనే నిలువునా చెక్కారు. పై భాగమే కట్టుబడి. కందకంలోంచి తీసిన రాయే పైన గోడకు వాడారు. తవ్వకమూ నిర్మాణమూ ఒకే పనిగా సాగాయి. మాల్టా సున్నపురాయి గనిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి పనిముట్టుకు తేలిగ్గా లొంగుతుంది, గాలి తగిలాక పైపొర గట్టిపడుతుంది. కలప దొరకని ఆ ద్వీపంలో ఈ రాయి లేకపోతే అంత వేగం సాధ్యమయ్యేది కాదు.

కవలియర్ అంటే ఏమిటి?

బురుజు వెనుక, దానికన్నా ఎత్తుగా లేపిన దిట్టమైన ఫిరంగి దిమ్మె. దాని మీది ఫిరంగులు ముందున్న బురుజు తల మీదుగా దూరాన ఉన్న శత్రువును కొడతాయి. బురుజు పడిపోతే దానిలోకి ఎక్కినవారినీ కొడతాయి. లాపరెల్లి తొమ్మిది కవలియర్లు వేయాలనుకున్నాడు. కట్టింది రెండే, సెయింట్ జేమ్స్, సెయింట్ జాన్. ఆ రెండూ ద్వారానికి అటూ ఇటూ ఇప్పటికీ ఉన్నాయి. మొదటిది కళాకేంద్రం, రెండవది నైట్‌ల సంఘపు రాయబార కార్యాలయం.

వీధులు గళ్ల నుడికట్టులా తిన్నగా ఉండటం వెనుక కారణం?

ఒకటి కాదు. ద్వారం నుంచి సెయింట్ ఎల్మో దాకా ఒకే తిన్నని రాజవీధి ఉంటే, దాడి ఎటు నుంచి వచ్చినా సైన్యం నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి త్వరగా చేరుతుంది. తిన్నని వీధుల మధ్య స్థలాలు కొలిచి అమ్మడం సులువు. సముద్రపు గాలి వీధుల్లోకి రావాలన్న ఆలోచన కూడా ఆయన చేశాడు. మాల్టా జూలై ఎండలో ఆ అడ్డవీధుల్లో ఒక్కసారి నడిస్తే ఆయన ముందుచూపుకు మనసులోనే నమస్కరిస్తాం.

ఆయన గీసిన నమూనాలను వరుసగా పెట్టి చూస్తే ఆలోచన మారిన తీరు తెలుస్తుంది. మొదటి వాటిలో కొన్ని వీధులు తీరాన్ని అనుసరించి వంగుతాయి. చివరి దానిలో అన్నీ తిన్ననైపోయాయి.

గీసినవన్నీ కట్టారా?

లేదు. నాకు వల్లెట్టాను చదివే తాళంచెవి ఇక్కడే దొరికింది. ఈ నగరంలో వింతగా అనిపించే ప్రతిదాని వెనుకా మానుకున్న పని ఒకటి ఉంటుంది.

కొండ వెన్నును చదును చేసి నగరమంతా సమతలంగా ఉంచాలన్నది మొదటి ఉద్దేశం. డబ్బూ సమయమూ చాలక, దాడి వార్తలు తరుముతుండగా ఆ పని మధ్యలో వదిలేశారు. గళ్ల పటాన్ని మాత్రం మార్చలేదు. ఎగుడుదిగుడు కొండ మీద తిన్నని గీతలు పరిచారు కాబట్టి పక్కవీధులు నిటారుగా మెట్లు మెట్లుగా దిగుతాయి. పర్యాటకులు ముచ్చటపడి ఫొటోలు తీసుకునే ఆ మెట్లు ఒక యుద్ధభయం మిగిల్చిన గుర్తు.

రెండవది మాందెరాజియో. మార్సంషెట్ రేవు వైపు కొండలోకి తొలిచి, గాలివానకు దొరకకుండా యుద్ధనౌకలు దాగేందుకు లోపలి రేవు చేయాలనుకున్నారు. అక్కడి రాయి ఇళ్ల కోసం తవ్వుకున్నారు గాని రేవు పూర్తి కాలేదు. మిగిలిన గుంటలో పేదలు గుడిసెలు వేసుకున్నారు. వెలుతురూ గాలీ సరిగా అందని ఆ పేట శతాబ్దాల పాటు నగరానికి గాయంలా ఉండి, రెండో ప్రపంచ యుద్ధం తరువాత గాని తొలగలేదు. కోట పటం మీద అసంపూర్ణంగా మిగిలిన ఒక గీత ఎన్ని తరాల జీవితాలను శాసించగలదో దీన్ని చూస్తే తెలుస్తుంది. లాపరెల్లిని మెచ్చుకునేవారు ఇది దాటవేయకూడదు.

మూడవది, నైట్‌లు మాత్రమే నివసించే ప్రత్యేక ఆవరణ. రోడ్స్‌లో వారికి అలాంటిది ఉండేది. ఇక్కడ ఆ ఆలోచన విరమించడంతో నైట్‌ల భవనాలు సామాన్యుల ఇళ్ల మధ్యనే లేచాయి. నగరానికి అది మేలే చేసింది.

ఇంత పనికి డబ్బు ఎక్కడిది? కూలీలు ఎవరు?

పోపు ఇచ్చాడు, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఇచ్చాడు, యూరప్ రాజులు మరికొందరు ఇచ్చారు. మాటిచ్చినంత, మాటిచ్చిన సమయానికి రాలేదు. కూలి చెల్లించడానికి ద వాలెట్ రాగి నాణేలు ముద్రించాడు. వాటి లోహం విలువ స్వల్పం, తరువాత అసలు డబ్బు ఇస్తామన్న హామీయే వాటి విలువ. నాణెం మీద లాటిన్‌లో చెక్కిన మాటలకు అర్థం ‘లోహం కాదు, నమ్మకం’ అని.

పనిచేసినవారు మాల్టా గ్రామీణులు, సిసిలీ, కలాబ్రియాల నుంచి ఓడల్లో వచ్చిన కూలీలు, సముద్ర దాడుల్లో చిక్కి బానిసలైన ముస్లింలు. వేలమంది చేతులు. గోడల మీద వారి పేర్లు లేవు. వల్లెట్టాను ‘పెద్దమనుషులు పెద్దమనుషుల కోసం కట్టిన నగరం’ అని గొప్పగా చెబుతుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సుత్తీ ఉలీ పట్టిన ఆ బానిసలు గుర్తొస్తారు.

నీళ్లు లేని కొండ మీద నగరం ఎలా బ్రతికింది?

వాననీటితో. కొత్తగా ఇల్లు కట్టుకునే ప్రతివారూ కింద నీటి తొట్టి తొలిపించుకోవాలనీ, మురుగును వీధి కాలువకు కలపాలనీ నియమం పెట్టారు. ఇంటి ముందు తోటలు వద్దన్నారు, వీధిలోకి ఇల్లు పొడుచుకు రాకూడదన్నారు, వీధి మలుపుల్లో ఇంటి మూలను అలంకరించాలన్నారు. పదహారో శతాబ్దంలో నగరమంతటికీ ఒకేసారి మురుగు కాలువల ఏర్పాటు ఆలోచించడం అరుదు. దూరపు ఊటల నుంచి నీరు తెచ్చే కాలువ వంతెన 1615లో గాని రాలేదు. అప్పటిదాకా దాదాపు అర్ధశతాబ్దం ఆ తొట్లే దిక్కు.

పని పూర్తికాకముందే ఎందుకు వెళ్లిపోయాడు? తరువాత ఎవరు చూశారు?

ద వాలెట్ 1568 ఆగస్టులో మరణించాడు. అప్పటికి రక్షణ గోడలు నిలదొక్కుకున్నాయి. లాపరెల్లి 1569లో మాల్టా విడిచి, ఒట్టోమన్ల మీదికి బయలుదేరిన పోపు నౌకాదళంలో చేరాడు. 1570 అక్టోబరులో క్రీట్ ద్వీపంలోని కాండియాలో మహమ్మారి సోకి చనిపోయాడు. వయసు 49. సంఘం తన కేంద్రాన్ని బిర్గు నుంచి కొత్త నగరానికి మార్చుకున్నది 1571 మార్చి 18న. ఆ రోజు చూడటానికి ఆయన లేడు.

పని అందుకున్నది ఆయన సహాయకుడు, మాల్టావాసి జిరోలమో కాస్సర్. సెయింట్ జాన్ చర్చి, అధిపతి భవనం, వివిధ దేశాల నైట్‌ల వసతి గృహాలు కాస్సర్ చేతి పని. నగరం పటం ఒకరిది, ముఖం మరొకరిది. ఇద్దరినీ కలిపి చెప్పుకోవడమే న్యాయం.

ఆ గోడలు ఎప్పుడైనా పరీక్షకు నిలిచాయా?

ఎవరికోసం కట్టారో వారు పెద్ద ముట్టడికి మళ్లీ రాలేదు. 1566లో సులేమాన్ హంగరీ మీదికి వెళ్లి అక్కడే మరణించాడు. 1798 జూన్‌లో నెపోలియన్ వచ్చినప్పుడు లోపల ఐక్యత లేని నైట్‌లు కొద్ది రోజుల్లోనే లొంగిపోయారు. గోడ ఓడిందని అనడానికి లేదు, దాని మీద పోరాడినవారే లేరు. తరువాతి రెండేళ్లు చూడండి. మాల్టా ప్రజలు తిరగబడి, బ్రిటిష్ నౌకలు సముద్రం మూసివేస్తే, అదే గోడల వెనుక ఫ్రెంచి దళం 1800 సెప్టెంబరు దాకా నిలిచింది. చివరకు వారిని లొంగదీసింది ఆకలి.

లోపాలే లేవా?

ఉన్నాయి. ఫిరంగుల శక్తి పెరిగేకొద్దీ నేల వైపు ఒక్క గోడ చాలదని తేలింది. 1635లో వచ్చిన ఇటాలియన్ ఇంజనీరు పియెత్రో పావొలో ఫ్లోరియాని సూచన మీద, దానికి ముందు మరో రక్షణ వరుస మొదలుపెట్టారు. ఆ రెండు వరుసల మధ్య పెరిగిన ఊరే నేటి ఫ్లోరియానా. తొమ్మిది కవలియర్లలో రెండే కట్టడం కూడా తప్పే అయి ఉండవచ్చు, కాని దానికి ఖజానా బాధ్యురాలు.

మాల్టాలో ఉన్నాను, ఒక పూట తీరిక ఉంది. ఏ వరుసలో చూడాలి?

ఉద్యోగాల కోసమో చదువు కోసమో అక్కడున్న మనవారికి నా సలహా ఇది. ముందు నగరంలోకి వెళ్లకండి. ద్వారం ముందు వంతెన మీద ఆగి కందకంలోకి తొంగిచూసి, గోడలో కొండ ఎక్కడ ముగిసి కట్టుబడి ఎక్కడ మొదలవుతుందో గుర్తించండి. ద్వారం మాత్రం కొత్తది, ఇటాలియన్ వాస్తుశిల్పి రెంజో పియానో రూపొందించాడు. లోపలికి రాగానే కుడివైపు సెయింట్ జేమ్స్ కవలియర్ కనిపిస్తుంది. దాని పక్కనే విజయమాత చర్చి, నగరంలో మొదట లేచిన కట్టడం. ద వాలెట్‌ను మొదట ఖననం చేసింది అందులోనే.

అక్కడి నుంచి అప్పర్ బరాక్కా తోటకు వెళ్లండి. అది సెయింట్ పీటర్ అండ్ పాల్ బురుజు పైభాగం. ఎదురుగా నీటికి ఆవల బిర్గు, సెంగ్లియా కింద పరచుకుని కనిపిస్తాయి. 1565లో ఒట్టోమన్ ఫిరంగులు ఈ కొండ మీద నుంచే వాటిని కొట్టాయి. లాపరెల్లి నివేదికలోని వాదన అంతా ఆ ఒక్క చోట నిలబడి చూస్తే అర్థమవుతుంది. ఆ తరువాత రిపబ్లిక్ వీధి వెంబడి చివరనున్న సెయింట్ ఎల్మో దాకా నడవండి. తిరిగి వచ్చేటప్పుడు పక్కనున్న మెట్ల వీధులు పట్టుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు రాజవీధి మీదనే ఉండటం మంచిది.

ఆయన చేతి రాతలు, పటాలు మిగిలాయా?

మిగిలాయి. కుటుంబం దాచుకున్న కాగితాలు ఇప్పుడు కోర్తోనాలోని ఎత్రుస్కన్ అకాడమీలో ఉన్నాయి. వల్లెట్టా గురించి ఆయన రాసిన నివేదికలు, కోటల మీద ఆలోచనలు వాటిలో ఉన్నాయి. వల్లెట్టాను యునెస్కో 1980లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 55 హెక్టార్లలో 320 చారిత్రక కట్టడాలున్న నగరమది.